పరిష్కారమైపోయిన మా అర్జీ గురించి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. మా మామగారి మతిమరుపు జబ్బు చికిత్స విషయమై సోమవారం గ్రీవెన్సులో నేనిచ్చిన అర్జీ "పరిష్కరించబడింది" అని నా ఫోనుకు సందేశం వచ్చింది. ఏమి పరిష్కరించారో తెలుసుకుందామని మళ్లీ అర్జీ పెడితే అది కూడా పరిష్కారమైపోయింది. ఇంత చురుకైన యంత్రాంగం ఉండగా మీకు నేరుగా రాయవలసి వచ్చినందుకు మన్నించండి.

మా మామగారు పొదలకూరు నిమ్మకాయల మార్కెట్టులో చిరకాలం వ్యాపారం చేసినవారు. బస్తాలు, ధర, కమీషను అన్నీ కాగితం ముట్టకుండా నోటిలెక్కతోనే తేల్చేవారు. అటువంటి మనిషి టీకొట్టులో ఇచ్చిన చిల్లర అరచేతిలో పెట్టుకొని లెక్క తెలియక నిలబడిపోయిన నాటినుంచి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నాము. వెళ్లిన ప్రతిచోటా వయసు మీద పడింది, చాదస్తం, మీరే సర్దుకుపోవాలి అన్నారు.

అయ్యా, ఇది ఓపీలో రెండు నిమిషాలు చూసి తేల్చే జబ్బు కాదని మీ శాఖ వైద్యులకు తెలియనిది కాదు. మనిషిని కూర్చోబెట్టి ఈరోజు ఏ వారం, మనం ఎక్కడున్నాం, నేను చెప్పిన మూడు మాటలు తిరిగి చెప్పండి, గడియారం బొమ్మ గీయండి అని అడగాలి. అంతకంటే ముఖ్యంగా ఇంట్లోవాళ్లు చెప్పేది వినాలి. ఎందుకంటే రోగిని అడిగితే "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంటారు. మా మామగారు ప్రతి డాక్టరు దగ్గరా అదే మాట అన్నారు, వ్యాపారం చేసిన గొంతు గనుక అందరూ నమ్మారు. రాత్రి రెండు గంటలకు లారీ వచ్చిందంటూ తలుపు తీసుకొని వెళ్లిపోతున్నారని నేను చెప్పబోతే, వెనక చాలామంది ఉన్నారమ్మా, పక్కకు జరగండి అన్నారు. ఒకచోట నిద్రమాత్రలు రాసి పంపారు. పెద్ద వయసువారికి అవి అయోమయాన్ని పెంచుతాయని, తూలి పడే ప్రమాదం ఉందని ఆ రాసినవారు ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన పెరట్లో పడ్డారు.

థైరాయిడ్ తగ్గినా, బి12 లోపించినా, దిగులు జబ్బు ఉన్నా, తలకు దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టినా మతిమరుపు ఇలాగే కనిపించవచ్చునని, వాటికి వైద్యం ఉన్నందున ముందు ఆ పరీక్షలు చేయించాలని మాకు చెప్పినది చివరకు డబ్బు కట్టి చూపించుకున్న నరాల డాక్టరు. మామగారి మతిమరుపు జబ్బుకు అల్జీమర్స్ అన్న పేరు విన్నదీ అక్కడే. డోనెపెజిల్ మాత్ర జబ్బును నయం చేయదని, కొంతకాలం లక్షణాలను అదుపులో ఉంచవచ్చునని, గుండె వేగం తగ్గించే గుణం ఉన్నందున ఈసీజీ తీయాలని ఆయన ఓపికగా వివరించారు. ఆ ఓపికనే మేము సర్కారు ఆసుపత్రిలో అడిగాము.

బీపీ, షుగరు మాత్రలు ఊళ్లోనే ఇస్తున్నారు, సంతోషం. ఈ మాత్ర మాత్రం మా పీహెచ్‌సీలో లేదు. పెద్దాసుపత్రిలో అడిగితే మనిషిని తీసుకురమ్మంటారు. జనం మధ్య బెదిరిపోయి, బస్సు దిగిపోతానని గొడవచేసే మనిషిని నెలనెలా తీసుకురావడమంటే ఏమిటో ఆ నియమం పెట్టినవారు ఒక్కసారి చేసి చూడాలి. నేను వెళితే, రోగి ఏడీ అంటారు.

దివ్యాంగులకు ధ్రువపత్రమిచ్చే సదరం శిబిరం సంగతి కూడా ఒక మాట. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో పార్కిన్‌సన్స్ (వణుకుడు జబ్బు) పేరుంది, అల్జీమర్స్ పేరు లేదు. అయితే మానసిక అనారోగ్యానికి అదే చట్టం ఇచ్చిన నిర్వచనంలో జ్ఞాపకశక్తి తీవ్రంగా దెబ్బతినడం కూడా ఉంది. శిబిరంలో ఆ పేజీ చదివినవారు మాకు తగల్లేదు. కాళ్లూ చేతులూ బాగున్నాయి కదమ్మా అన్నారు. బాగున్నాయి కాబట్టే రాత్రిళ్లు వెళ్లిపోతున్నారు సార్.

60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దేశంలో దాదాపు 88 లక్షల మందికి, డిమెన్షియా, అంటే అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బు, ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా. మా మండలంలోనూ ఉన్నారు, చాదస్తం అన్న పేరుతో.

ప్రతి ఏరియా ఆసుపత్రిలో వారానికి ఒక్క పూట మతిమరుపు రోగులకు కేటాయించండి. ఆ పూట ఇంట్లోవాళ్లను కూడా కూర్చోబెట్టి వినమనండి. మాత్రలు పీహెచ్‌సీకి పంపించి, చీటీ చూసి మా చేతికి ఇప్పించండి. మాత్రలు ఇప్పించండి, అదే ముందు. ఈ లేఖ చూసి విచారణకు ఎవరినైనా మా ఇంటికి పంపేటట్లయితే నన్ను అడగమని చెప్పండి. మామగారిని అడిగితే మాత్రం బాగానే ఉన్నానంటారు.

ఇట్లు,
ఒక కోడలు,
పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా