అద్దె ఇల్లు కొనే ముందు ఖాళీ నెలను కూడా లెక్కలో వేయాలి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వారం వారం వచ్చే ఆస్తుల పేజీని నేను శ్రద్ధగా చదువుతాను. అద్దెకు ఇవ్వడం కోసమే ఇల్లు కొనాలనుకునే కొత్తవారికి ఆ పేజీలోని ప్రకటనలూ, వాటి పక్కనే వచ్చే కొన్ని వ్యాసాలూ ఒకే మాట చెబుతున్నాయి: అప్పు తీసుకుని కొనండి, వచ్చే అద్దెతో వాయిదాలు కట్టండి, ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఇల్లు మీదవుతుంది. పదిహేనేళ్లకు పైగా రెండు ఇళ్లను అద్దెకు ఇస్తూ, వాటి మరమ్మతులనూ అప్పులనూ స్వయంగా చూసుకుంటున్న నాకు ఈ మాట చదివినప్పుడల్లా ఆందోళన కలుగుతుంది. జీవితకాలం కూడబెట్టిన సొమ్మును తొలిసారి ఇంటి మీద పెడుతున్నవారికి కావలసింది ఉత్సాహం కంటే ముందు లెక్క. ఆ లెక్కను అడ్వాన్సు ఇచ్చిన తరువాత వేసుకుంటే ప్రయోజనం లేదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఏ దేశపు డబ్బుకైనా సరిపోయేలా, ఇంటి ధరను 100 వంతులు అనుకుందాం. ఏడాదికి 6 వంతులు అద్దె వస్తుందని అమ్మేవారు చెబుతారు. వినేవారు దాన్ని 6 శాతం రాబడిగా తీసుకుంటారు. రిజిస్ట్రేషను, సుంకాలు, మధ్యవర్తి రుసుము, వకీలు ఫీజు కలిపి మరో 8 వంతులు, అద్దెకు ఇచ్చే స్థితికి తేవడానికి 7 వంతులు అయ్యాయనుకుంటే, నిజానికి ఆ ఇంటి మీద పెట్టింది 115 వంతులు. ఇక అద్దె వైపు చూస్తే, ఒకరు ఖాళీ చేసి మరొకరు దిగేలోపు ఏడాదికి ఒక నెల పోయినా 6 వంతుల అద్దె ఐదున్నరకు దిగుతుంది. ఇంటి పన్ను, బీమా, నిర్వహణ రుసుము, ఏటా తప్పని చిన్నాపెద్దా మరమ్మతులు కలిపి ఒకటిన్నర వంతు తీసేస్తే చేతికి వచ్చేది 4. పెట్టిన 115 మీద అది మూడున్నర శాతం. చెప్పిన 6 శాతానికీ, చేతికందే మూడున్నరకూ మధ్య ఉన్న ఈ తేడాలో ఎవరి మోసమూ లేదు. కొన్ని ఖర్చులను ఎవరూ పైకి చెప్పకపోవడం మాత్రమే ఉంది.

ఇప్పుడు దీనికి అప్పు కలపండి. ధరలో 75 వంతులు 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పుగా తీసుకుంటే ఏడాదికి కట్టవలసిన వాయిదాలు 8.1 వంతులు అవుతాయి. చేతికి వస్తున్నది 4. మిగతా నాలుగు వంతుల పైచిలుకును ప్రతి ఏటా జీతంలోంచో వ్యాపారంలోంచో తెచ్చి కట్టాలి. మొదటి ఏడాది కట్టే ఆ 8.1లో దాదాపు 6.7 వంతులు వడ్డీకే పోతాయి కాబట్టి, అద్దె వడ్డీకి కూడా చాలడం లేదన్నమాట. ఇంటి విలువ పెరుగుతుందన్న నమ్మకంతో ఈ లోటును భరించేవారు ఉన్నారు, వారి నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. అయితే తాము కొంటున్నది నెలనెలా ఆదాయమిచ్చే ఆస్తి కాదనీ, విలువ పెరుగుదల మీద వేసిన పందెమనీ వారికి ముందే తెలిసి ఉండాలి.

ఈ లెక్కను వెనక నుంచి వేయడం నేర్చుకుంటే బేరం దానంతట అదే తేటపడుతుంది. ఏడాదికి నికరంగా 4 వంతులు మిగిలే ఇంటి మీద నాకు 5 శాతం రాబడి కావాలంటే నేను పెట్టే మొత్తం 80 దాటకూడదు. అందులోంచి మరమ్మతుల 7 వంతులనూ, ధరను బట్టి ఉండే సుంకాలనూ తీసేస్తే నేను ఇవ్వగలిగిన ధర 67, 68 వంతుల దగ్గర ఆగుతుంది. అమ్మేవారు 100కు దిగకపోతే ఆ ఇల్లు నాకు కాదు. కొత్తవారిలో చాలామంది ముందు ఇంటిని ఇష్టపడి, ఆ ఇష్టానికి తగినట్టు అంకెలను సర్దుకుంటారు. అద్దెను కొంచెం పెంచి రాసుకుంటారు, మరమ్మతును కొంచెం తగ్గించి రాసుకుంటారు, కాగితం మీద అంతా సరిపోతుంది.

అద్దె ఎంత వస్తుందో అమ్మేవారిని అడిగి తెలుసుకోవడం వల్ల లాభం లేదు. అదే వీధిలో అద్దెకున్న వారిని అడగాలి, ఈ మధ్య ఖాళీ అయిన ఇల్లు ఎన్నాళ్లు తాళం వేసి ఉందో వాకబు చేయాలి. ధర విషయంలోనూ ప్రకటనల్లో అడుగుతున్న ధరలు కాక, చుట్టుపక్కల నిజంగా అమ్ముడైన ధరలు చూడాలి. ఇంట్లో అప్పటికే ఎవరైనా అద్దెకు ఉంటే వారి ఒప్పందం ఎప్పటి వరకు ఉంది, వారు కట్టిన అడ్వాన్సు ఎవరి దగ్గర ఉంది అన్నవి రాతపూర్వకంగా తేల్చుకోవాలి. యాజమాన్య పత్రాలు, తాకట్టులు, కట్టడానికి అనుమతులు, కోర్టు వివాదాలు పరిశీలించే వకీలు కొనేవారు స్వయంగా పెట్టుకున్న మనిషి అయి ఉండాలి. మధ్యవర్తి చూపించిన వకీలుకు బేరం కుదరడమే ముఖ్యమైనప్పుడు ఆయన చెప్పే మాటకు బలం తక్కువ.

మరమ్మతుల సంగతి కొంచెం వివరంగా రాయనివ్వండి, ఎందుకంటే నేను ఎక్కువగా నష్టపోయింది అక్కడే. నా మొదటి ఇంటిని ఎండాకాలంలో చూశాను. గోడలకు అప్పుడే వేసిన తెల్లరంగు, పడకగదిలో గోడకు అమర్చిన చెక్క బీరువా, అన్నీ శుభ్రంగా కనిపించాయి. వానలు మొదలైన నెల రోజులకు అద్దెకు దిగిన ఆవిడ కబురు చేస్తే వెళ్లాను. ఆవిడ బీరువా తలుపు తీసి, వెనక వరుసలో మడత పెట్టి ఉంచిన పిల్లల బడి చొక్కా ఒకటి నా చేతిలో పెట్టారు. మడత మీద ఆకుపచ్చ బూజు చుక్కలు, చేతికి తడి. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. బీరువా వెనక గోడకు అవతల స్నానాలగది ఉంది. ఆ గది నేల వాటం కాలువ వైపు కాకుండా గోడ వైపు ఉండడంతో ఏళ్ల తరబడి నీళ్లు గోడలోకే దిగుతూ వచ్చాయి. నేల తవ్వి, గొట్టాలు మార్చి, వాటర్‌ప్రూఫింగు చేసి, మళ్లీ టైల్స్ వేయడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ అద్దె లేదు, ఖర్చు మొదటి ఏడాది అద్దెను మించింది. ఆవిడ పిల్లలతో మరో ఇల్లు వెతుక్కుని వెళ్లిపోయారు. డబ్బు నష్టం కంటే ఆ తడి చొక్కా నాకు ఎక్కువ గుర్తుంది.

ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి, అవి ఎటు పారుతున్నాయో రెండు నిమిషాలు నిలబడి చూసి ఉంటే ఇదంతా ముందే తెలిసేది. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ముందు ఆ పనే చేస్తాను. వేలి కణుపుతో టైల్స్ మీద తడితే గుల్లగా మోగినచోట కింద సిమెంటు పట్టలేదని అర్థం. గోడ అడుగున నేల నుంచి మూడు అడుగుల లోపు తెల్లని ఉప్పు పొడి లేస్తోందంటే నేలలోని తడి గోడలోకి ఎక్కుతోందేమోనని అనుమానించాలి, దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా పొక్కులు లేచి పెచ్చులుగా ఊడిపోతుంది. ఇల్లంతా పాతగా ఉండి ఒక్క గోడకే కొత్త రంగు వేసి ఉంటే ఆ గోడను ఎక్కువసేపు చూడాలి. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి నీటి ఒత్తిడి గమనించాలి. మీటరు పెట్టె తెరిపించి, ఎర్తింగు ఉందో లేదో, విద్యుత్తు లీకైన వెంటనే సరఫరాను ఆపే పరికరం అమర్చారో లేదో తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. వీలైతే పెద్ద వాన పడిన మర్నాడు మరోసారి వెళ్లి పై కప్పును చూడడం మంచిది.

పనుల వరుస కూడా దీన్ని బట్టే ఉండాలి. ముందు పై కప్పు, తరువాత నీటి గొట్టాలు, వైరింగు, తలుపుల గడియలు. రంగులూ అలంకారాలూ చివరికి. మనం కాపురం ఉండబోయే ఇంటికీ, అద్దెకు ఇచ్చే ఇంటికీ వేసే ఖర్చు ఒకటి కాదు. పాలరాతి అరుగు అద్దెను ఎంత పెంచుతుందో చెప్పడం కష్టం, తడి లేని గోడ మాత్రం దిగినవారిని ఏళ్ల తరబడి ఉంచుతుంది. ఏదైనా పెద్ద పని తలపెట్టే ముందు, దాని ఖర్చును నెలకు పెరిగే అద్దెతో భాగించి ఎన్ని నెలల్లో తిరిగి వస్తుందో చూడాలి. పని సాగినన్నాళ్లూ పోయే అద్దెను కూడా ఆ ఖర్చులో కలపాలి. కాంట్రాక్టరు ఇచ్చే ఎస్టిమేట్‌లో ఎంత పని, ఏ సామాను, ఎన్ని రోజులు అన్నది రాసి ఉండాలి. డబ్బు పని జరిగిన మేరకే విడతలుగా ఇవ్వాలి, చివరి పదోవంతు ఒక వాన చూసే దాకా అట్టిపెట్టుకోవాలి. పాత ఇంట్లో గోడ పగలగొడితే ఏం బయటపడుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు కనుక ఎస్టిమేట్ మీద కనీసం 15 నుంచి 20 శాతం విడిగా ఉంచుకోవాలని నా అనుభవం చెబుతోంది.

అప్పు విషయంలో కొత్తవారు వడ్డీ రేటును మాత్రమే చూస్తారు, అది మారితే ఏమవుతుందో చూడరు. 9 శాతం మీద 20 ఏళ్లకు తీసుకున్న అప్పుకు కట్టే మొత్తం అసలుకు రెండింతలు దాటుతుంది. రేటు మారే ఒప్పందంలో మొదట్లోనే అది 10 శాతానికి పెరిగి, వాయిదాను మాత్రం పాత మొత్తం దగ్గరే ఉంచితే, 240 నెలల్లో తీరవలసిన అప్పు సుమారు 314 నెలలకు సాగుతుంది. వాయిదా పెరగలేదు కదా అని సంతోషించే మనిషికి మరో ఆరేళ్ల పైన పని పడినట్టే. అందుకే సంతకం చేసే ముందు రేటు రెండు శాతం పెరిగినా, మూడు నెలలు ఇల్లు ఖాళీగా ఉన్నా వాయిదా కట్టగలనా అని వేసి చూసుకోవాలి. ముందుగా తీరిస్తే జరిమానా ఉందో లేదో అడగాలి, ఎందుకంటే మొదటి ఏళ్లలో కట్టిన అదనపు మొత్తం తగ్గించినంత వడ్డీని చివరి ఏళ్లలో కట్టింది తగ్గించదు.

ఇల్లు బేరమాడిన ధరకంటే అప్పు ఇచ్చే సంస్థ వేసిన విలువ తక్కువగా ఉండడం మామూలే. ఆ తేడాను మనమే తేవాలి. సుంకాలకూ మరమ్మతులకూ ఆ అప్పు సాధారణంగా వర్తించదు కూడా. ఇది తెలియక, చివరి నిమిషంలో చేతి అప్పులూ అధిక వడ్డీ వ్యక్తిగత రుణాలూ తెచ్చి అడ్వాన్సు నిలబెట్టుకున్నవారిని నేను చూశాను. వారిలో కొందరు ఆ చిన్న అప్పుల వడ్డీ భరించలేకే ఇల్లు అమ్ముకున్నారు. ఆరు నెలల వాయిదాలూ ఖర్చులూ విడిగా ఖాతాలో ఉండేంత వరకు ఆగడం వల్ల ఒకటి రెండు మంచి బేరాలు పోవచ్చు, పోనివ్వాలి. అద్దెకున్నవారు కట్టే అడ్వాన్సు ఈ లెక్కలో ఎక్కడా రాకూడదు. అది వారి సొమ్ము. దాన్ని వంటగదికో వాయిదాకో వాడేసి, వారు ఖాళీ చేసే రోజున నెలలు తిప్పడం అన్యాయం.

అద్దె పెంచే సంగతిలో ఒక చిన్న లెక్క చెబుతాను. ఎక్కువ అద్దె ఇచ్చేవారి కోసం ఇంటిని ఒక నెల ఖాళీగా ఉంచితే, ఆ ఏడాది పాత ఆదాయమే రావడానికి అద్దె 9 శాతానికి పైగా పెరగాలి. ఇంటిని శుభ్రంగా చూసుకుంటూ, గడువు తప్పకుండా అద్దె ఇచ్చే కుటుంబాన్ని ఐదు శాతం కోసం వదులుకునేవారు దీన్ని వేసుకున్నట్టు లేదు. కుళాయి కారుతోందని వారు చెప్పిన వారంలోనే మనిషిని పంపడం కూడా ఆదాయాన్ని కాపాడే పనే.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. ఆస్తుల పేజీలో అద్దె రాబడి శాతాన్ని ప్రచురించినప్పుడల్లా అది ఖర్చులకు ముందుదా, తరువాతదా అన్నది పక్కనే వేయండి; ఒక ఖాళీ నెలను, మరమ్మతులను, వాయిదాను కలిపి వేసిన నికర లెక్కను నెలకొకటైనా ఉదాహరణగా ఇవ్వండి. ప్రకటన చదివి, అడ్వాన్సు జేబులో పెట్టుకుని బయలుదేరే పాఠకుడి చేతిలో ఆ కాగితం ముక్క కూడా ఉంటుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు