ఆ చంద్రుడు సీతానగరం కొండ మీద లేవలేదు

సంపాదకులు గారికి,

నమస్కారం. 2025 నవంబరు 5న కార్తీక పౌర్ణమి. ఆ మర్నాడు ఒక దినపత్రికలో ప్రకాశం బ్యారేజీ మీద నిండు చంద్రుడి ఫొటో వేశారు. ముందు ఘాట్ మెట్ల మీద దీపాలు వదిలే ఆడవాళ్ళు, పక్కన బ్యారేజీ, అవతల సీతానగరం కొండ, ఆ కొండను మింగేసేంత చంద్రుడు. పత్రిక పేరు రాయను, ఎందుకంటే ఇది ఒక్కరు చేస్తున్న పని కాదు. అది మిక్సింగ్ ఫొటో, అంటే రెండు వేరు వేరు ఫొటోలు కలిపి చేసింది. ముప్పై ఏళ్ళుగా విజయవాడ వన్‌టౌన్‌లో ఫొటో స్టూడియో నడుపుతున్నాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

మిక్సింగ్ అంటే నాకు చిన్నచూపు లేదు. ఫిల్మ్ రీలు రోజుల్లో పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ చందమామలో కూర్చోబెట్టి ఎన్నో ఆల్బమ్‌లు చేశాను. వాళ్ళు ముచ్చటపడి అడిగేవారు, నేనూ ఇష్టంగా చేసేవాణ్ణి. వాళ్ళు నిజంగా చందమామలో కూర్చోలేదని చూసినవాళ్ళందరికీ తెలుసు. పేపర్లో ఫొటో అలాంటిది కాదు. నిన్న సాయంత్రం మన ఊళ్ళో అలా కనిపించిందనే జనం అనుకుంటారు.

ముందు దిక్కు చూడండి. కార్తీక పున్నమి చంద్రుడు తూర్పు కంటే కాస్త ఉత్తరంగా లేస్తాడు. సీతానగరం మనకు ఏటి అవతల దక్షిణపు గట్టున ఉంది. ఘాట్ నుంచి ఆ కొండను చూస్తూ నిలబడితే ఆ సాయంత్రం చంద్రుడు ఎడమ భుజం వెనక లేస్తాడు.

తర్వాత సైజు. 110 మీటర్ల దూరంలో మీటరు వెడల్పున్న వస్తువు ఎంత కనిపిస్తుందో చంద్రుడూ సుమారుగా అంతే కనిపిస్తాడు. బ్యారేజీ పొడవు 1223 మీటర్లు. ఈ గట్టు నుంచి చూస్తే అవతలి గట్టున చంద్రుడికి పట్టే చోటు 11 మీటర్లే. బ్యారేజీ గేటు వెడల్పు 40 అడుగులు, అంటే 12 మీటర్లు. ఒక్క గేటంత కూడా లేని చంద్రుడు కొండను ఎలా కప్పుతాడు? ఆ రోజు సూపర్ మూన్ కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, చంద్రుడు దాదాపు 3,57,000 కిలోమీటర్ల దగ్గరికి వచ్చాడు. అయినా సగటు పున్నమి కంటే పెద్దగా కనిపించేది 7-8 శాతమే.

ఇంకొకటి ఉంది. నిండు చంద్రుడి మీద ఒకచోట తెల్లటి మచ్చ, దాని నుంచి చుట్టూ పాకిన గీతలు, తొడిమ దగ్గర బత్తాయిలా కనిపిస్తాయి. అది టైకో బిలం. చంద్రుడి దక్షిణ భాగంలో ఉంది. మన దగ్గర చంద్రుడు పక్కకు పడుకున్నట్టు లేస్తాడు, కాబట్టి టైకో కుడివైపుకు ఒరిగి ఉండాలి. ఆ ఫొటోలో నిట్టనిలువుగా కిందికి ఉంది. యూరప్ లాంటి చోట్ల చంద్రుడు బాగా పైకి వచ్చాక తీస్తే అలా వస్తుంది. పైగా అప్పుడే లేచిన చంద్రుడు నారింజ రంగులో, అంచు మసకగా అల్లాడుతూ ఉంటాడు. అక్కడున్నది కడిగిన పళ్ళెంలా తెల్లగా మెరుస్తోంది.

ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానంటే, మా స్టూడియోలో పనిచేసే కుర్రాడు ఆ ఫొటో చూసి, అలాంటిది తీద్దామని మూడు సాయంత్రాలు ఘాట్‌కు వెళ్ళాడు. 300 ఎం.ఎం. లెన్స్‌లో చంద్రుడు కెమెరా లోపల బొమ్మ పడే సెన్సర్ మీద మూడు మిల్లీమీటర్లు కూడా పడడు. "బాబాయ్, నా లెన్స్ చాలదు, అప్పు చేసైనా పెద్దది కొంటాను" అన్నాడు. ఎంత పెద్ద లెన్స్ పెట్టినా కొండా చంద్రుడూ కలిసే పెరుగుతాయి, చంద్రుడొక్కడే పెరగడు, మనమే వెనక్కి వెళ్ళాలి, అప్పుడు కొండ చిన్నదవుతుంది, చంద్రుడు అంతే ఉంటాడు అని కాగితం మీద గీసి చూపించాల్సి వచ్చింది. వాడు తన చేతిలో తప్పుందనుకున్నాడు. నాకు బాధ కలిగింది అక్కడే.

పుష్య పౌర్ణమికి నా 600 ఎం.ఎం. లెన్స్, ట్రైపాడ్ ఇచ్చి వాణ్ణి ఉండవల్లి కరకట్ట మీదికి తీసుకెళ్ళాను. పంచాంగంలో చంద్రోదయం సూర్యాస్తమయానికి దగ్గరగా పడిన రోజే వెళ్ళాలి. అప్పుడు ఆకాశంలో ఇంకా కొంచెం వెలుగుంటుంది, చంద్రుడూ బ్యారేజీ ఒకే ఎక్స్‌పోజర్‌లో, అంటే ఒక్క క్లిక్‌లో, కుదురుతాయి. పావుగంట, ఇరవై నిమిషాలు, అంతే. చీకటి పడ్డాక చంద్రుడికి సరిపెడితే బ్యారేజీ నల్లబడుతుంది, బ్యారేజీకి సరిపెడితే చంద్రుడు తెల్ల అప్పడం అవుతాడు. చాలామంది మిక్సింగ్‌కు దిగేది అందుకే. ఏటి గాలికి ట్రైపాడ్ ఊగకుండా బ్యాగు వేలాడదీశాం, లెన్స్‌లో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజర్ ఆపి, రెండు సెకన్ల టైమర్ పెట్టాం. చంద్రుడు తన వెడల్పంత దూరం జరగడానికి రెండు నిమిషాలే పడుతుంది, అందుకని షటర్ వేగం 1/125 సెకను కంటే తగ్గనివ్వలేదు. వాడికి ఒక ఫ్రేమ్ దక్కింది. రెండు కిలోమీటర్ల దూరం నుంచి చంద్రుడు ఒకటిన్నర గేటంత ఉన్నాడు. ముందు ఒక దీపస్తంభం, దాని మీద వాలిన పక్షి మెడ వంపుతో సహా కనిపిస్తోంది.

నేను కోరేది ఒకటే. మీ పత్రికలో చంద్రుడి ఫొటో వేసినప్పుడు ఎక్కడ నుంచి, ఎన్ని గంటలకు తీశారో కింద రాయండి. రెండు ఫొటోలు కలిపి ఉంటే కలిపామని రాయండి. ఒకే చోట నిలబడి రెండు ఎక్స్‌పోజర్లు తీసి కలిపినా ఆ మాట చెప్పండి. ఎవరూ తప్పు పట్టరు.

ఆ కుర్రాడి ఫొటో ఈ లేఖతో జత చేస్తున్నాను. చోటూ సమయం వెనక రాశాడు. వేస్తే చంద్రుణ్ణి పెంచకుండా వేయండి.

ఇట్లు,
ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్,
వన్‌టౌన్, విజయవాడ