విమానం ఎక్కాక కాదు, బట్టలు వేసుకునేటప్పుడే చెప్పించండి: పౌర విమానయాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పౌర విమానయాన శాఖ మంత్రి గారికి నమస్కారం.

సార్, నేను రాసేది ముఖ్యంగా చిన్న విమానాల గురించి. రోడ్డు లేని కొండ ఊళ్ళకీ, దీవులకీ, అడవి అవతలి చోట్లకీ జనం ఎక్కే సెస్నాలు, ట్విన్ ఆటర్లు, పది పదిహేను సీట్ల బళ్ళు. వాటి టికెట్లు కొన్ని తెప్పించి చూడండి. బ్యాగ్ ఎన్ని కేజీలు దాటకూడదో ఉంటుంది, ఎంత ముందు రావాలో ఉంటుంది, కొన్ని చోట్ల మనిషిని కూడా కాటా ఎక్కించి బరువు చూస్తారు. ఇంత పట్టింపు ఉన్నచోట ఏం వేసుకుని రావాలో మాత్రం ఒక్క ముక్క కనపడదు. ఎక్కి కూర్చున్నాక పైలటే వెనక్కి తిరిగి బెల్ట్ ఎలా పెట్టుకోవాలో, డోర్ ఎలా తియ్యాలో చెప్తాడు, అది మంచిదే, కానీ అప్పటికి మన గట్టి బూట్లూ స్వెట్టరూ వెనకాల వల కింద సామాన్లలో ఉంటాయి, కాళ్ళకి చెప్పులు ఒంటి మీద పల్చటి చొక్కా ఉంటాయి. అప్పుడు ఇంకేం చెప్పినా మార్చుకోవడానికి ఏముంది? బట్టల గురించి సేఫ్టీ బ్రీఫింగ్ ఇంట్లో బీరువా ముందు జరగాలి సార్. నేను అడిగేది అదొక్కటే.

దీనికి ముందుగా వచ్చే మాట నాకు తెలుసు. విమానం పడితే ఎవడు బతుకుతాడు, ఏ బట్టలైతే ఏంటి అంటారు. చాలామంది నిజంగానే అలా నమ్ముతారు, ఆ నమ్మకమే ప్రమాదం. అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ 1983 నుంచి 2000 వరకు అక్కడి ఎయిర్‌లైన్ ప్రమాదాలు లెక్క తీస్తే, వాటిలో ఉన్నవాళ్ళలో 95 శాతానికి పైనే బతికారు. అక్కడి చిన్న ప్రైవేటు విమానాల ప్రమాదాలు చూసుకున్నా సుమారు ఐదింట్లో నాలుగింట్లో ఎవరూ చనిపోరు. ఇంజన్ ఆగిపోయి పొలంలోనో నది ఒడ్డునో చెట్ల మీదనో దింపేస్తారు, బండి పాడవుతుంది, మనుషులు బయటికి వస్తారు. అసలు కష్టం చాలాసార్లు అక్కడి నుంచే మొదలవుతుంది, మంట, పొగ, చలి, నీళ్ళు, దెబ్బలు, హెలికాప్టర్ వచ్చేదాకా గడపాల్సిన రాత్రి.

మంట సంగతి ముందు. పాలిస్టర్, నైలాన్ వేడికి కరుగుతాయి, సుమారు 250 డిగ్రీల దగ్గర, కరిగి చర్మానికి అతుక్కుంటాయి, ఆ కాలిన గాయం మామూలు గాయం కంటే చాలా లోతుగా పోతుంది. కాటన్ కూడా అంటుకుంటుంది కానీ కరిగి అంటుకుపోదు, ఉన్ని అయితే అంటుకోవడమే కష్టం. ఇది ఎంత సీరియస్ విషయమంటే 2006లో ఇరాక్‌లో ఉన్న అమెరికా మెరైన్లు సింథటిక్ బనియన్లు వేసుకుని క్యాంపు బయటికి వెళ్ళకూడదని వాళ్ళ కమాండర్లు ఆర్డర్ వేశారు. మిలటరీ పైలట్లు మంటకి తట్టుకునే నోమెక్స్ సూట్లు వేసుకుంటారు. ప్రయాణికుడికి అలాంటి సూట్ ఇవ్వమని నేను అడగట్లేదు. నిండు చేతుల కాటన్ చొక్కా, కాళ్ళు మొత్తం కప్పే ప్యాంటు, మూసి ఉండే లేసుల బూట్లు, ఇంతే, ఇవి చాలామంది ఇళ్ళల్లో ఇప్పటికే ఉన్నాయి.

బూట్ల గురించి కొంచెం ఎక్కువే చెప్తాను ఎందుకంటే జనం అన్నిటికన్నా తేలిగ్గా తీసుకునేది అదే. చిరిగిన రేకు అంచులు, పగిలిన అద్దాలు, నేల మీద కారిన పెట్రోలు, వీటి మీద నుంచి నడవాలి. చెప్పులు, స్లిప్పర్లు అయితే విమానం నేలని గుద్దిన కుదుపుకే కాలి నుంచి ఊడిపోవచ్చు. హీల్స్ అయితే పెద్ద విమానాల్లో దిగడానికి డోర్ దగ్గర ఉబ్బే గాలి జారుడుబల్లకే చిల్లు పెడతాయి కాబట్టి దిగే ముందు తీసేయమంటారు, తీసేస్తే మళ్ళీ ఒట్టి కాళ్ళే. 1971 డిసెంబర్ 24న పెరూలో మెరుపు తగిలి లాన్సా 508 విమానం గాల్లోనే ముక్కలైంది, 92 మందిలో ప్రాణాలతో బయటపడింది 17 ఏళ్ళ జూలియానే కోప్కే ఒక్కతే. సీటుతో సహా సుమారు 3 కిలోమీటర్ల ఎత్తు నుంచి అడవిలో పడింది. ఒంటి మీద చేతుల్లేని పొట్టి గౌను, ఒక కాలికే చెప్పు, కళ్ళజోడు పోయింది. దూరం కనపడక ఆ ఒక్క చెప్పుతోనే ముందు నేలని తడిమి చూసుకుంటూ, వాగు పట్టుకుని 11 రోజుల తర్వాత మనుషుల్ని చేరింది. ఆమె బతికింది కదా అని మనం ధైర్యం తెచ్చుకోకూడదు సార్, ఆ గౌనుతో ఆ అడవిలో ఎన్ని పురుగులు, ఎన్ని ముళ్ళు, ఎంత ఎండ భరించిందో చూడాలి.

ఇంక చలి. 1972 అక్టోబర్ 13న ఆండీస్ కొండల్లో కూలిన ఉరుగ్వే విమానంలో 45 మంది ఉంటే 72 రోజుల తర్వాత మిగిలింది 16 మంది. మంచులో దిగుతామని ఎవరూ అనుకోలేదు, కోటు బూటూ లేని మామూలు ప్రయాణం బట్టల్లో ఉన్నారు. చివరికి ముగ్గురు సాయం కోసం కొండలు దాటాల్సి వచ్చినప్పుడు చొక్కా మీద చొక్కా, ప్యాంటు మీద ప్యాంటు వేసుకుని, విమానం తోక భాగంలో దొరికిన ఇన్సులేషన్ గుడ్డతో స్లీపింగ్ బ్యాగ్ కుట్టుకుని బయల్దేరారు. ఇక్కడ కాటన్ గురించి ఒక మాట, మంటకి మంచిదే కానీ తడిస్తే వేడి నిలపదు, ఉన్ని తడిసినా కొంత వెచ్చగా ఉంచుతుంది. అందుకే కొండల మీదుగా, చల్లటి నీళ్ళ మీదుగా వెళ్ళే రూట్లలో లోపల ఉన్ని పొర ఉండాలి. వాతావరణం అనేది ఎక్కే చోటుది దిగే చోటుది మాత్రమే చూసి బట్టలు వేసుకుంటాం అందరం, మధ్యలో కింద ఏముందో దాన్ని బట్టి వేసుకోవాలని ఎవరూ చెప్పరు, మీరు చెప్పించాల్సింది ఇదే.

పెద్ద విమానం వాళ్ళకీ ఇది వర్తిస్తుంది లెండి. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం తగలబడితే 379 మందీ సామాన్లు వదిలేసి బయటపడ్డారు. సామాను వదిలేయడం ఎంత గొప్ప విషయమో అందరూ రాశారు, సరే, పైన అరలో పెట్టిన కోట్లు కూడా అందులోనే పోతాయి కదా, జనవరి చలిలో రన్‌వే మీద ఒంటి మీద ఉన్నదే మిగులుతుంది. పైగా 90 సెకన్లలో అందరినీ దింపి చూపించాలన్న అమెరికా రూలు 44 సీట్లు దాటిన విమానాలకే. చిన్నవాటికి ఆ పరీక్ష లేదు, చాలావాటిలో ఎయిర్‌హోస్టెస్ లేదు, జారుడుబల్ల లేదు. సాయం ఎంత తక్కువ ఉంటే ప్రయాణికుడికి ముందే చెప్పాల్సింది అంత ఎక్కువ ఉంటుంది, మనం చేస్తున్నది దీనికి పూర్తిగా తిరగబడి ఉంది.

ఈఎల్‌టీ బీకన్ (విమానం కూలితే తనంతట తానే ప్రమాద సిగ్నల్ పంపే పరికరం) ఉంది కదా, శాటిలైట్‌కి సిగ్నల్ పోతుంది కదా అని మీ అధికారులు అనొచ్చు. ఉండాలి, అదీ 406 మెగాహెర్ట్జ్‌దే ఉండాలి, పాత 121.5 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ని శాటిలైట్లు వినడం 2009 ఫిబ్రవరి 1నే ఆపేశారు. కానీ గుద్దినప్పుడు యాంటెనా విరిగితే సిగ్నల్ పోకపోవచ్చు, పోయినా మబ్బు దిగితే హెలికాప్టర్ రాదు. 2023 మే 1న కొలంబియా అడవిలో సెస్నా 206 కూలితే ఆ విమానాన్ని కనుక్కోడానికే రెండు వారాలు పట్టింది, అందులో బతికిన నలుగురు పిల్లలు దొరికేసరికి 40 రోజులు. అలాంటి దట్టమైన అడవిలో ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు వేసుకున్న మనిషి పై నుంచి అసలు కనపడడు, నారింజ రంగో పసుపో ఒక్క జాకెట్ ఉంటే ఆ తేడా వేరు.

అలాస్కాలో చిన్న విమానాల్లో తిండి, నిప్పు రాజేసే వస్తువు లాంటి అత్యవసర సామాను పెట్టాలని చట్టమే ఉంది. మంచిది, మన దగ్గర కూడా రావాలి. కానీ అది విమానంలో పెట్టే సామాను, విమానం కాలిపోతే మునిగిపోతే సామానూ పోతుంది. ఒంటి మీద, జేబులో ఉన్నదే గ్యారంటీగా మనతో దిగుతుంది. జిప్ ఉన్న జేబులో రోజూ వేసుకునే మందులు, ఫోన్, ఒక విజిల్, మడతపెడితే అరచేతిలో పట్టే, ఒంటి వేడి పోకుండా ఆపే పల్చటి ఫాయిల్ దుప్పటి. కళ్ళజోడుకి తాడు.

అందుకని సార్, ఆపరేటర్లకి ఒక సర్క్యులర్ ఇప్పించండి. టికెట్ బుక్ అయినప్పుడు ఒకసారి, ప్రయాణం ముందు రోజు సాయంత్రం ఒకసారి, ప్రయాణికుడి భాషలో ఒక మెసేజ్ పోవాలి, "రేపు మీ విమానం మంచు కొండల మీదుగా వెళ్తుంది, లేసుల బూట్లు, నిండు ప్యాంటు, ఉన్ని స్వెట్టర్ వేసుకుని రండి, మందులు జేబులో పెట్టుకోండి" అని, రూట్‌ని బట్టి మాటలు మారాలి. స్వెట్టర్ ఒంటి మీద ఉంటే దాని బరువు బ్యాగ్‌లో లెక్కెయ్యకూడదు, లేకపోతే ఎవరూ తీసుకురారు. చెప్పులతో వచ్చినవాళ్ళని ఆపమని నేను అనట్లేదు, కౌంటర్ దగ్గర సామాను లోపల పెట్టకముందే "బూట్లు ఉంటే ఇప్పుడే తీసి వేసుకోండి" అని స్టాఫ్ అడిగితే చాలు. జనం భయపడతారని ఆపరేటర్లు అంటారు. లైఫ్ జాకెట్ చూపించినప్పుడు భయపడని మనిషి స్వెట్టర్ అంటే ఎందుకు భయపడతాడు?

ఈ సర్క్యులర్‌కి పార్లమెంటు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, మీ సంతకం చాలు. వచ్చే చలికాలం షెడ్యూల్ మొదలయ్యేలోపు ఇస్తారా లేదా, ఇవ్వకపోతే ఎందుకో, అందరికీ కనిపించేలా జవాబు ఇవ్వమని కోరుతున్నాను.

ఇట్లు,
చిన్న విమానాల్లో తిరిగే ఒక ప్రయాణికుడు