మావా, ఎక్స్32 సంగతి

శ్రీకాకుళం

మావా,

ఎలాగున్నావు? ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. సాయంత్రం నాగావళి గట్టు మీద గాలి తగిలితే గానీ ప్రాణం కుదుటపడటం లేదు. అత్తకి నా నమస్కారాలు చెప్పు.

ఇక నీ ఉత్తరం సంగతి. కాలేజీ ల్యాబ్‌ మెషీన్లకి నేను కంపైల్ చేసే లైనక్స్ కెర్నెల్‌లో (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) ఎక్స్32 ఏబీఐ, అంటే ప్రోగ్రాములు కెర్నెల్‌తో మాట్లాడే ఒక పద్ధతి, నీ బస్సు రూట్ల ప్రోగ్రాం కోసం ఆన్ చెయ్యమని అడిగావు. "కాన్ఫిగ్‌లో ఒక్క లైను, నీకేటి పోయింది?" అన్నావు. ఏటి పోతుందో చెప్తాను, ఓపిగ్గా చదువు.

ఆ ఏబీఐ వెనకాల ఆలోచన నాకూ నచ్చుతుంది మావా. పాత 32 బిట్ల ఐ386 ప్రాసెసర్లలో మామూలు రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలే లెక్కలు పెట్టుకునే గూళ్లు) 8 అయితే 64 బిట్లలో 16. కానీ అటు వెళ్తే ప్రతి పాయింటరూ (మెమరీలో డేటా ఉన్న చోటు అడ్రసు) 4 బైట్ల నుంచి 8 బైట్లకి పెరుగుతుంది. లింకులతో అల్లుకున్న డేటా అయితే కాష్‌లో (ప్రాసెసర్ పక్కనుండే చిన్న వేగమైన మెమరీ) చాలా చోటు అడ్రసులే తినేస్తాయి. ఆ 16 రిజిస్టర్లూ ఉంచుకుని పాయింటరు మటుకు 4 బైట్లకి దించితే అదే ఎక్స్32. 2012లో లైనక్స్ 3.4తో కెర్నెల్‌లోకి వచ్చింది. ప్రాసెసర్ల వేగం కొలిచే స్పెక్ పూర్ణాంక పరీక్షల్లో సగటున 5 నుంచి 8 శాతం, 181.ఎంసీఎఫ్ అనే ఒక్క ప్రోగ్రాంలో 40 శాతం వేగం పెరిగినట్టు లెక్కలున్నాయి. ఆ ఎంసీఎఫ్ కూడా బస్సుల షెడ్యూలు వేసే లెక్కే, నీ రూట్ల ప్రోగ్రాంకి దగ్గర చుట్టం. కాబట్టి నువ్వు అడగడంలో న్యాయం ఉంది.

అయితే 2014 జనవరిలో బయటపడ్డ సీవీఈ-2014-0038 అనే భద్రతా లోపం గురించి చదివావా? చదవకపోతే ఇవాళే చదువు. ఒకే పిలుపులో చాలా నెట్‌వర్క్ మెసేజీలు అందుకునే సిస్టమ్ కాల్ (ప్రోగ్రాం కెర్నెల్‌ని పని అడిగే పిలుపు) ఒకటుంది. ఎంతసేపు కాచుకోవాలో చెప్పడానికి దానికి ఒక టైమౌట్ పాయింటరు ఇస్తాం. ఎక్స్32 దారిలో వస్తే ఆ పాయింటరు యూజర్ దగ్గర్నుంచి వచ్చిందన్న సంగతే మరిచి, ఏ తనిఖీ లేకుండా లోపలికి పంపేశారు. కెర్నెల్ మిగిలిన టైమును ఆ అడ్రసులో రాసేసేది. అది కెర్నెల్ సొంత మెమరీలోని అడ్రసైనా సరే! మామూలు లాగిన్ ఉన్న కుర్రాడు దాంతో రూట్, అంటే మెషీన్ మొత్తం మీద పెత్తనం ఉన్న యూజర్, అయిపోవచ్చు. 3.4 నుంచి ఉన్న ఈ లోపాన్ని 3.13.2లో గానీ సరిచెయ్యలేదు. అప్పట్లో ఉబుంటు లైనక్స్ ఎక్స్32 ఆన్ చేసి ఇచ్చేది, అందుకే దాని యూజర్లు ఇరుక్కున్నారు. ఆఫ్‌లో ఉంచినవాళ్ల జోలికి అది రాలేదు. నువ్వు తేలిగ్గా తీసేసిన ఆ ఒక్క లైనే అక్కడ తేడా.

ఇంకోటి, ప్రోగ్రాం ఏ సిస్టమ్ కాల్స్ చెయ్యొచ్చో కట్టడి చేసే సెకాంప్ ఫిల్టర్లు. ఎక్స్32 కాల్‌కీ మామూలు 64 బిట్ల కాల్‌కీ ఆర్కిటెక్చర్ గుర్తు ఒక్కటే. కాల్ నంబరులో 0x40000000 అనే బిట్ ఒక్కటే తేడా. ఫలానా నంబర్లు రానివ్వకు అని ఫిల్టర్ రాసినవాడు ఆ బిట్ సంగతి మరిచిపోతే, అదే కాల్ వేరే నంబరుతో దర్జాగా లోపలికి వచ్చేస్తుంది. మా పిల్లలు రాసిన ప్రోగ్రాములు నడిపే సర్వర్‌కి కాపలా ఆ ఫిల్టర్లే.

వంశధార కాలువ చివర రెండెకరాలకి నీళ్లిచ్చే తూము ఉందనుకో. ఎన్నడూ ఎత్తకపోయినా లస్కరు దాన్నీ చూసుకోవాల్సిందే, అక్కడ గండి పడితే మునిగేది ఆ రెండెకరాలే కాదు. ఎక్స్32 కూడా అలాంటి తూమే: వాడేవాళ్లు తక్కువైతే పరీక్షించే కళ్లూ తక్కువే, నాకు భయమంతా అక్కడే.

డెబియన్ లైనక్స్ వాళ్లది మధ్యే దారి. కెర్నెల్‌లో ఉంచారు గానీ, బూట్ లైనులో syscall.x32=y అని ఇస్తేనే పనిచేసేలా చేశారు. మంచి పద్ధతే. కానీ అది వాళ్ల సొంత ప్యాచ్, నేను తెచ్చుకుంటే ప్రతి కొత్త వెర్షన్‌కీ నేనే మొయ్యాలి. పైగా కెర్నెల్ ఒక్కటీ ఒప్పుకుంటే సరిపోదు కదా, ప్రోగ్రాములన్నిటికీ పునాది లైబ్రరీ అయిన జీలిబ్‌సీ నుంచి మొదలెట్టి నీకు కావలసిన లైబ్రరీలన్నీ ఎక్స్32కి విడిగా కంపైల్ చెయ్యాలి.

2018 డిసెంబరులో కెర్నెల్ డెవలపర్ ఆండీ లుటోమిర్‌స్కీ ఎక్స్32ని మొత్తానికే తీసేద్దామని కదిపాడు. వాడుతున్నవాళ్లు కొందరు ముందుకొచ్చారు, అది నిలబడింది. నిలబడటమే సరైనదని నా నమ్మకం. నడుస్తున్న ప్రోగ్రాంని కెర్నెల్ పాడుచెయ్యకూడదన్న మాట మీదే మనమంతా బతుకుతున్నాం. మా ల్యాబ్‌లో మాత్రం ఎక్స్32 ప్రోగ్రాం ఒక్కటీ లేదు. లాగిన్లు మాత్రం పిల్లలందరికీ ఉన్నాయి. అందుకే ఆఫ్‌లోనే ఉంచుతున్నాను మావా, ఏమీ అనుకోకు.

నీ పని మాత్రం ఆగదు. నోడ్లన్నీ ఒక పెద్ద అర్రేలో పెట్టు. పాయింటర్ల బదులు 32 బిట్ల ఇండెక్సులు దాచుకో. లింకుకి 4 బైట్లే పడుతుంది, మామూలు 64 బిట్ల కెర్నెల్ మీదే నడుస్తుంది, ఎక్స్32లో ఉండే 4 జీబీ హద్దు కూడా ఉండదు. 400 కోట్ల నోడ్ల దాకా చాలుతుంది, నీ బస్ స్టాపులకి ఎక్కువే. ముందు రూట్ల గ్రాఫ్ ఒక్కటే మార్చి, పెర్ఫ్ అనే కొలిచే పనిముట్టుతో కాష్ మిస్సులు (కావలసిన డేటా కాష్‌లో దొరకని సార్లు) కొలిచి, మార్చక ముందువీ మార్చాకవీ రెండూ పంపు. కోడ్ కూడా పంపితే ఈ ఆదివారం కూర్చుని చూస్తాను.

నీ
అల్లుడు