ఎంపీ ఆఫీసులో చేరబోతున్న అమ్మాయికి

అమ్మలూ,

ఎంపీ గారి ఢిల్లీ ఆఫీసులో చేరడం ఖాయమైంది కాబట్టి, ఫోన్‌లో చెప్తే నిలవని సంగతులు కాగితం మీద పెడుతున్నాను. దగ్గర పెట్టుకో.

టీవీలో చూసే పార్లమెంటుకీ నువ్వు చేయబోయే పనికీ పెద్ద పొంతన ఉండదు. ఎంపీకి సొంతంగా రోడ్డు వేయించే అధికారం లేదు, ఎవరినీ బదిలీ చేయించే అధికారం లేదు, పింఛను మంజూరు చేసే అధికారం అంతకన్నా లేదు. ఆయనకున్న అసలు బలం మంత్రి చేత సభలో జవాబు చెప్పించడం. ఆ జవాబు రికార్డుకెక్కాక ఏ అధికారీ కాదనలేడు. అందుకే నీ పనిలో మొదటి పీట ప్రశ్నలదే.

లోక్‌సభలో రోజుకు స్టార్ ప్రశ్నలు (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పేవి) 20, అన్‌స్టార్డ్ (రాతపూర్వక జవాబు మాత్రమే వచ్చేవి) 230 జాబితాకెక్కుతాయి. నోటీసు కనీసం 15 పూర్తి రోజుల ముందు చేరాలి. ఒక సభ్యుడు ఒక రోజుకు ఇవ్వగలిగేవి అన్నీ కలిపి 5 నోటీసులే, అందులో స్టార్‌గా వచ్చేది ఒక్కటే. లాటరీలో పేరు తగలాలి. తగిలినా వరసలో పదో నంబరు పడితే ప్రశ్నోత్తరాల గంటలో అక్కడిదాకా రావడం అరుదు, రాతపూర్వక జవాబుతో సరిపెట్టుకోవాలి. కాబట్టి స్టార్ మీద ఆశ పెట్టుకుని అన్‌స్టార్డ్‌ని చిన్నచూపు చూడకు. అంకెలు రాబట్టడానికి అదే మేలు. మంత్రిత్వ శాఖలను అయిదు గుంపులు చేసి ఒక్కో గుంపుకి ఒక్కో రోజు కేటాయిస్తారు. సమావేశాల తేదీలు రాగానే ఆ చార్టు ముందేసుకుని, ఏ శాఖకి ఏ రోజు చివరి గడువో వెనక్కి లెక్క కట్టి గోడకి అంటించు. కొత్తవాళ్లు తప్పేది ఎక్కువగా ఇక్కడే. సమావేశాలు మొదలయ్యాక ప్రశ్నలు రాద్దాంలే అనుకుంటారు, అప్పటికి మొదటి వారాల గడువులన్నీ దాటిపోయి ఉంటాయి.

ఇక రాయడం. మన ఊళ్ల వైపు ఏళ్ల తరబడి సాగే రైల్వే ఓవర్‌బ్రిడ్జినే తీసుకో. "గేటు దగ్గర ప్రజలు ఇబ్బంది పడుతున్న విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా? వస్తే తీసుకున్న చర్యలేమిటి?" అని రాశావనుకో, "పనులు పురోగతిలో ఉన్నాయి" అని ఒక్క ముక్క వస్తుంది. ప్రశ్న కాలమూ పోయె, నీ శ్రమా పోయె. అదే ఇలా అడుగు: (ఎ) ఫలానా నంబరు గేటు దగ్గర వంతెన ఏ సంవత్సరం మంజూరైంది, అంచనా ఎంత, (బి) డ్రాయింగుకి ఆమోదం ఏ తేదీన వచ్చింది, (సి) రైల్వే వాటా, రాష్ట్ర వాటా విడివిడిగా ఎంత, ఇప్పటిదాకా ఖర్చయిందెంత, (డి) భూసేకరణ ఎక్కడ ఆగింది, పూర్తయ్యే గడువేమిటి. పట్టాల మీది భాగం రైల్వేది, రెండు వైపులా ఎక్కే దారి చాలాచోట్ల రాష్ట్రానిది. ఒకరి మీద ఒకరు నెట్టుకునే ఆట సాగేది ఆ సందులోనే. వాటాలు విడదీసి అడిగితే ఎవరి దగ్గర ఆగిందో వాళ్లే రాసివ్వాలి.

మొత్తం 150 మాటలు దాటకూడదు. అభిప్రాయాలూ ఆరోపణలూ ఉంటే కొట్టేస్తారు. కోర్టులో ఉన్న వ్యవహారం, అదే సమావేశాల్లో ఇదివరకే జవాబు వచ్చిన విషయం, రాష్ట్ర పరిధిలోది కూడా అంతే. పోలీసు స్టేషన్ సంగతి అడిగితే వెనక్కి వస్తుంది. ఊళ్లో కుళాయి ఎందుకు లేదని అడిగినా రావచ్చు. జల్ జీవన్ మిషన్ కింద రాష్ట్రానికి కేంద్ర వాటా ఏ ఏడాది ఎంత విడుదలైందని అడిగితే నిలబడుతుంది. కేంద్రం రూపాయి ఎక్కడ ఉందో వెతికి పట్టుకోవడమే ఇందులో కిటుకు.

స్టార్ ప్రశ్న వరసలో పైన పడితే ఎంపీ గారికి రెండు అనుబంధ ప్రశ్నలు దొరుకుతాయి. మంత్రి రాతపూర్వక జవాబు ముందే బల్ల మీదికి వస్తుంది. దాన్ని చదివి అందులో ఎగ్గొట్టిన భాగం మీద మొదటిది, నియోజకవర్గం మీద రెండోది తయారు చేసివ్వు. ఒక్కోటి రెండు వాక్యాలు దాటనివ్వకు. మన ఎంపీలు చాలామంది ఉపోద్ఘాతంలోనే ఉండగా స్పీకర్ "ప్రశ్న అడగండి" అనేస్తారు.

జవాబులో మంత్రి "పరిశీలిస్తున్నాం" అనో "సమాచారం సేకరిస్తున్నాం" అనో అంటే సంతోషించు. అది హామీ కిందకి వస్తుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి, దాన్ని వెంటాడడానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఇలాంటి వాక్యాలకి ఒక రిజిస్టరు పెట్టు: తేదీ, ప్రశ్న నంబరు, మంత్రి అన్న మాట యథాతథంగా.

జీరో అవర్ (ప్రశ్నోత్తరాల గంట అయ్యాక సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం) గురించి ఎక్కువ చెప్పను. వీడియో క్లిప్పుకి బాగుంటుంది, మంత్రి అక్కడికక్కడ జవాబు చెప్పాల్సిన పని లేదు. 377 నిబంధన కింద సభ్యుడు ఒక సమస్యను రాతపూర్వకంగా సభ దృష్టికి తేవచ్చు, అది 250 మాటల్లోపు ఉండాలి, దానికి శాఖ నుంచి రాతపూర్వకంగా జవాబు వస్తుంది. నా ఓటు దీనికే. శుక్రవారం మధ్యాహ్నం వచ్చే ప్రైవేటు బిల్లులు (మంత్రులు కాని సభ్యులు పెట్టేవి) చర్చకి మంచివే కానీ, ఇప్పటిదాకా చట్టమైనవి 14, చివరిది 1970లో.

మూడు గీతల విప్ (సభకి వచ్చి చెప్పినట్టే ఓటేయాలన్న పార్టీ గట్టి ఆదేశం) వచ్చిన రోజు మాత్రం అన్నీ పక్కన పెట్టు, ఎంపీ గారి విమానం టికెట్టు నువ్వే చూసుకో. విప్ ధిక్కరించి ఓటేసినా, చెప్పకుండా ఓటింగుకి రాకపోయినా, పార్టీ 15 రోజుల్లో మన్నించకపోతే రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) కింద సభ్యత్వానికే ముప్పు. 1999 ఏప్రిల్ 17న బాలయోగి గారు స్పీకర్ కుర్చీలో ఉండగా వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో పడిపోయింది, ఒక్క ఓటు తేడా.

నియోజకవర్గం నుంచి వచ్చే అర్జీలే నీ రోజులో సగం తినేస్తాయి. తెలుగు ఎంపీ ఆఫీసులో తిరుమల దర్శనం లెటర్ల గోల ఎలాగూ తప్పదు, దానికి వేరే రిజిస్టరు, వేరే మనిషి ఉండాలి. రైలు ఎమర్జెన్సీ కోటా లెటరు ముందురోజే చేరాలి, పీఎన్ఆర్ నంబరులో ఒక్క అంకె తప్పినా దండగ. కేంద్రీయ విద్యాలయాల్లో సీట్లకి ఎంపీలు సిఫారసు చేసే కోటా 2022లో ఎత్తేశారు, ఇంకా అడుగుతూనే ఉంటారు, మర్యాదగా చెప్పు. వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ప్రధానమంత్రి సహాయనిధి అర్జీలు. ఆసుపత్రి ఇచ్చిన అంచనా, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్ నకలు ఉన్నాయో లేదో అదే పూట చూడు. ఆ డబ్బు ఆసుపత్రికే వెళ్తుంది. బిల్లు కట్టేసి ఇంటికొచ్చాక వస్తే చేయగలిగింది ఉండదు.

ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు. మన రెండు రాష్ట్రాల్లో ఒక్కో లోక్‌సభ స్థానంలో ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు, ఏడుగురు ఎమ్మెల్యేల జాబితాలు. పంచుకుంటే ఎంత మిగులుతుందో నువ్వే లెక్క వేసుకో. అందులో 15 శాతం ఎస్సీ, 7.5 శాతం ఎస్టీ ప్రాంతాలకి పెట్టాలి. ఎంపీ సిఫారసు మాత్రమే చేస్తారు, మంజూరు జిల్లా యంత్రాంగానిది. "గ్రామంలో కమ్యూనిటీ హాలు" అని రాసి పంపితే ఫైలు తిరుగుతూనే ఉంటుంది. సర్వే నంబరు, స్థలం ప్రభుత్వానిదన్న కాగితం ముందే తెప్పించు. గుడి ప్రహరీ, చర్చి షెడ్డు కుదరవు, అడిగినవాళ్లు అలిగినా సరే.

ఎవరో కంపెనీవాళ్లు తయారు ప్రశ్నలు పట్టుకొస్తారు. తీసుకోకు. ప్రశ్నలకు డబ్బు పుచ్చుకున్న వ్యవహారంలో 2005 డిసెంబరులో 11 మంది ఎంపీలు సభ్యత్వం పోగొట్టుకున్నారు. ప్రశ్నలు పంపే పార్లమెంటు పోర్టల్ పాస్‌వర్డు ఎంపీ గారి దగ్గరే ఉండాలి, ఆయనే ఇస్తానన్నా వద్దను.

చివరగా స్థాయీ సంఘాలు, అంటే మంత్రిత్వ శాఖల పనిని పరిశీలించే ఎంపీల కమిటీలు. ఒక్కోదానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. కెమెరాలు ఉండవు కాబట్టి కార్యదర్శి స్థాయి అధికారులు కాస్త మనసు విప్పుతారు. ఎంపీ గారు ఏ సంఘంలో ఉంటే దాని పాత నివేదికలు, వాటి మీద ప్రభుత్వం తీసుకున్న చర్యల నివేదికలు తెప్పించుకో. ఆ రెండో రకం వాటిలో ముందు నాలుగో అధ్యాయం తిరగెయ్యి. ప్రభుత్వం చెప్పిన జవాబుని సంఘం ఒప్పుకోని సిఫారసులు అందులో ఉంటాయి. మొదటి వారం ప్రశ్నలకి సరుకు అక్కడే దొరుకుతుంది.

ఆశీస్సులతో,
నాన్న