2024–25 వార్షిక నివేదిక: కొత్త వెబ్‌సైట్‌కు ముందు సర్దుకున్న సంగతులు

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారం.

నల్లకుంటలోని మన కాలనీ సంక్షేమ సంఘం 2024–25 నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. బోనాలు, వినాయక చవితి, ఉచిత కంటి పరీక్షల శిబిరం, వానాకాలానికి ముందు కాలువల పూడికతీత ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారి నివేదికలో ఉన్నాయి కనుక ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువ సమయం, ఎక్కువ ఓపిక పెట్టిన పని ఒకటుంది. దాని ఫలితం ఇంకా మీ కంటికి కనిపించదు కాబట్టి దాని గురించే వివరంగా చెప్పాలి.

సంఘం వెబ్‌సైట్‌ను కొత్తగా చేయించాలని కిందటి సమావేశంలో తీర్మానించాం. ఏడాది గడిచింది, కొత్త వెబ్‌సైట్ రాలేదు. ‘ఇంతకాలం ఏం చేశారు?’ అని చాలామంది అడిగారు. అడగవలసిన ప్రశ్నే.

మొదటి రెండు సమావేశాలు రంగులు, బొమ్మలు, మొదటి పేజీలో ఎవరి సందేశం ఉండాలి అనే చర్చతోనే ముగిశాయి. మూడో సమావేశంలో ఒక సభ్యురాలు ‘ఇప్పుడున్న సైట్‌లో ఏమేం ఉన్నాయో మనలో ఎవరికైనా తెలుసా?’ అని అడిగారు. ఎవరి దగ్గరా సమాధానం లేదు. రంగుల కాగితాలు పక్కన పెట్టి, పనిని అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాం.

ఉన్నదేమిటో లెక్క

నలుగురు యువ సభ్యులు వారాంతాల్లో కూర్చుని, ఒక్కో పేజీకి ఒక్కో వరుస చొప్పున పట్టిక రాశారు. పేజీ చిరునామా, అందులోని విషయం, చివరిసారి ఎప్పుడు మార్చారు, ఎవరు రాశారు, ఇప్పుడు ఎవరికి పనికొస్తుంది అనేవి అందులో గడులు. ‘ఎవరు రాశారు’ అన్న గడి చాలా వరుసల్లో ఖాళీగానే మిగిలింది. ఆస్తి పన్ను ఏప్రిల్‌లోగా కడితే 5 శాతం రాయితీ అనే ప్రకటన ఉంది, అది ఏ ఏప్రిలో రాయలేదు. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2021లో మొదలైనప్పుడు పెట్టిన సూచనలు, గడువు తేదీలతో సహా, నిన్నటివరకు అలాగే ఉన్నాయి. ఫొటోల విభాగం పూర్తిగా ఖాళీ తెర. దాన్ని ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేర్‌తో చేయించారు. ఫ్లాష్‌కు మద్దతు 2020 డిసెంబరు 31తో ముగిసింది. అప్పటి నుంచి మన ఉత్సవాల ఫొటోలు ఎవరికీ కనిపించలేదు, కనిపించడం లేదని మాకు ఎవరూ చెప్పలేదు. సైట్‌ను ఎవరూ చూడటం మానేశారని ఆ రోజు అర్థమై మనసుకు చాలా కష్టమనిపించింది.

అంతకంటే పెద్ద తప్పు ఒకటి బయటపడింది. సభ్యుల పేర్లు, ఇంటి నంబర్లు, ఫోను నంబర్లతో కూడిన పూర్తి జాబితా ఒక పీడీఎఫ్‌గా ఎవరైనా దించుకునేలా ఉంది. ఎప్పుడో సభ్యుల సౌకర్యం కోసం పెట్టినదే. ఒంటరిగా ఉండే వృద్ధుల ఇళ్లు ఏవో ఆ జాబితా చూసినవారికి తెలిసిపోతుంది. అదే రోజు దాన్ని తొలగించాం. తొలగించినా గూగుల్ లాంటి వెతుకుడు యంత్రాల్లో కొంతకాలం నకలు మిగిలిపోవచ్చు, దాన్ని కూడా తీసేయమని విడిగా అభ్యర్థన పంపాం. మనిషి సమ్మతి లేనిదే అతని వివరాలు వాడకూడదన్నది 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి పునాది. ఆ చట్టం లేకపోయినా ఇది చేయకూడని పని. సభ్యులందరికీ కార్యవర్గం తరఫున క్షమాపణ చెబుతున్నాను. ఇకపై ఎవరి నంబరైనా బయట కనిపించాలంటే వారి సంతకం ఉండాలి.

పక్కన కూర్చుని చూసిన ఆదివారం

ఒక ఆదివారం ఉదయం కొందరు సభ్యులను కమ్యూనిటీ హాలుకు పిలిచి, వారి ఫోన్లలోనే సైట్ తెరిచి మూడు సంగతులు కనుక్కోమన్నాం. హాలు అద్దెకు కావాలంటే ఎవరిని అడగాలి? నెల రుసుము ఎలా కట్టాలి? మంచినీళ్లు రాకపోతే ఏం చేయాలి? మేము పక్కన కూర్చుని చూడాలి, నోరు విప్పకూడదు. ఆ నియమం పాటించడం ఎంత కష్టమో కూర్చున్నవారికే తెలుసు.

డెబ్బై దాటిన ఒక పెద్దమ్మగారు తెరను రెండు వేళ్లతో సాగదీసి అక్షరాలు పెద్దవి చేసుకున్నారు. వాక్యంలో సగం తెర దాటిపోయింది. కుడికి జరిపి సగం, ఎడమకు జరిపి సగం చదివారు. తెల్లటి పేజీ మీద లేత పసుపు అక్షరాలు కావడంతో కిటికీకి వీపు పెట్టి, ఫోను మీద చేయి అడ్డం పెట్టుకున్నారు. చివరకు ‘మమ్మల్ని సంప్రదించండి’ అన్నచోట నొక్కితే ఒక ఫారం వచ్చింది. ‘ఫోను నంబరు లేదా నాయనా? ఇందులో రాస్తే ఎవరు చూస్తారు?’ అని ఆమె అడిగారు. ఆ సాయంత్రం వెతికితే తేలింది: ఆ ఫారం వెళ్లే ఈమెయిలును చాలాకాలంగా ఎవరూ తెరవలేదు. వీధి దీపాల గురించి, కుక్కల బెడద గురించి, ఒక సభ్యుడి మరణం తర్వాత సభ్యత్వం మార్పు గురించి వచ్చిన విన్నపాలు అందులో అలాగే ఉన్నాయి. ఒక్కొక్కటీ చదివి, రాసిన వారికి ఫోను చేశాం. కొన్ని ఇళ్లవారు అప్పటికే కాలనీ విడిచి వెళ్లిపోయారు.

కొత్త సైట్‌కు మేము పెట్టుకున్న షరతుల్లో చాలా భాగం ఆ ఆదివారమే పుట్టాయి. అక్షరం రంగుకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలి. వెబ్ ప్రమాణాలు చెప్పే కనీస కొలత అది. ప్రకటనలను బొమ్మగా మాత్రమే పెట్టకూడదు, అక్షరాలుగా కూడా ఉండాలి. చూపు లేని మన సభ్యుడొకరు ఫోను చదివి వినిపిస్తే వింటారు. బొమ్మలోని తెలుగును ఆయన ఫోను చదవలేకపోయింది. అందుకే ఇన్నేళ్లుగా మన ప్రకటనలను ఆయనకు పక్కింటివారు చదివిపెట్టాల్సి వచ్చింది.

తెలుగు అక్షరాల పని

అన్నిటికంటే ఎక్కువ శ్రమ తీసుకున్నది ఇదే. మన పాత సావనీర్లు, సమావేశాల మినిట్లు, నియమావళి అన్నీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో టైపు చేయించినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో వాటిని తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొక్కేలు కనిపిస్తాయి. కారణం తెలుసుకుంటే ఆశ్చర్యం ఉండదు. ఆ ఫాంట్లకు అక్షరం అంటే బొమ్మ: తలకట్టు ఒక ముక్క, వత్తు ఇంకో ముక్క, వాటిని పక్కపక్కన పేర్చి అచ్చు తీస్తారు. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో అలా కాదు. అక్కడ ప్రతి అక్షరానికీ తనదైన సంఖ్య ఉంటుంది, ఏ కంప్యూటర్ తెరిచినా అది అదే అక్షరం. 1991లో వచ్చిన తొలి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది. మనం ఇప్పుడు చేరుతున్నాం.

మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కానీ వాటినే నమ్ముకుంటే కుదరదు. వత్తులు ఒక అక్షరం అటో ఇటో జారాయి. నియమావళిలో ఒకచోట అంకె ఒకటి ఎగిరిపోయి, కోరం సంఖ్యే మారిపోయింది! పదవీ విరమణ చేసిన ఇద్దరు తెలుగు ఉపాధ్యాయులు పాత అచ్చుప్రతిని ఒక చేత్తో పట్టుకుని, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు తెర మీద సరిచూశారు. ఎండాకాలం మధ్యాహ్నాలన్నీ వారు ఆ పనికే ఇచ్చారు. వారికి సంఘం ఎంతో రుణపడి ఉంది.

ఫాంట్ల విషయంలో ఒక సంగతి నేర్చుకున్నాం. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు వంటి ఉచిత ఫాంట్లు ఎవరైనా వాడుకోవచ్చు. అయితే ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు సరిపోదు. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటల్లో వత్తులు కిందికి దిగి కింది వరుస గుడులను తాకుతాయి. కాబట్టి కొత్త సైట్ చేస్తామని నమూనా పేజీ చూపించే వారెవరైనా ఏదో నకిలీ ఇంగ్లీషు వాక్యాలతో కాకుండా మన అసలు తెలుగు ప్రకటనతోనే చూపించాలని షరతు పెట్టాం. ఉర్దూ చదివే కుటుంబాలు కాలనీలో ఉన్నాయి. నీళ్లు, రుసుము, అత్యవసర నంబర్ల పేజీలు ఉర్దూలో కూడా ఉంటాయి. ఆ లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కనుక ఈ సంగతి సైట్ చేసేవారికి చివర్లో కాకుండా మొదటే చెప్పాలి.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

పాతవన్నీ చెరిపేద్దామని కొందరు గట్టిగా అన్నారు. గడిచిపోయిన పండుగల ఆహ్వానాలు, ఎప్పుడో ముగిసిన క్రికెట్ పోటీల కరపత్రాలు తీసేయడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు హుస్సేన్‌సాగర్ నాలా పొంగినప్పుడు రోజూ రాసిన ప్రకటనలు ఉన్నాయి. ఏ సందులో నీళ్లు ఏ మెట్టు వరకు వచ్చాయి, ఎవరి మేడ మీద ఎవరు తలదాచుకున్నారు, అన్నం ఎక్కడ వండారు అన్నీ ఆ పేజీల్లో ఉన్నాయి. భాషలో తప్పులు ఉన్నాయి, తొందరలో రాసినవి. ఒక్క అక్షరం మార్చకుండా ఉంచాలని నేను పట్టుబట్టాను, కార్యవర్గం ఒప్పుకుంది. నాలా గురించి అధికారులకు మళ్లీ విజ్ఞప్తి ఇవ్వాల్సి వస్తే మన చేతిలో ఉండే సాక్ష్యం అదే.

ఉంచిన పేజీల చిరునామాలు మారినా, పాత చిరునామాకు వచ్చినవారిని కొత్తదానికి మళ్లించే జాబితా సిద్ధమైంది. రసీదు పుస్తకాల మీద, గేటు దగ్గరి బోర్డు మీద పాత చిరునామాలే అచ్చయి ఉన్నాయి కదా.

తాళాలు ఎవరి దగ్గర

వెబ్‌సైట్ పేరు సంఘం పేరు మీద లేదు. ఎప్పుడో శ్రద్ధగా సాయం చేసిన ఒక సభ్యుడి సొంత ఈమెయిలు మీద నమోదై ఉంది. ఆయన విదేశంలో ఉన్నారు. మాట వినగానే సంతోషంగా బదిలీ చేశారు. గడువు ముగిసి, మినహాయింపు రోజులు కూడా దాటిపోతే ఆ పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. అప్పుడు మన చిరునామా మీద ఇంకొకరి దుకాణం వెలిసేది. నిర్వహణ చూసిన ఒక సంస్థ మాత్రం పాస్‌వర్డులు ఇవ్వడానికి నెలల తరబడి తిప్పించుకుంది. ఒప్పందంలో ఆ మాట రాయించుకోకపోవడం మన లోపం. ఇప్పుడు పేరు, హోస్టింగు (సైట్‌ను ఉంచే చోటు), ఈమెయిలు అన్నీ సంఘం అధికారిక ఖాతాలో ఉన్నాయి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురికీ ప్రవేశం ఉంది. కార్యవర్గం మారిన రోజే పాస్‌వర్డులు మారతాయి.

ప్రతి పేజీకీ ఒక బాధ్యుడిని నియమించాం. నీటి పేజీ నీటి ఉపసంఘానిది, హాలు పేజీ హాలు చూసే వారిది. మూడు నెలలకోసారి బాధ్యులు తమ పేజీ చదివి తేదీ వేయాలి. బాధ్యుడు దొరకని పేజీని కొత్త సైట్‌లోకి తీసుకోవడం లేదు. ఈ ఒక్క నిర్ణయంతోనే పేజీల పట్టిక సగానికి పైగా తగ్గింది.

ఇవన్నీ కలిపి అవసరాల పత్రం రాశాం. సైట్ చేసే సంస్థల నుంచి కొటేషన్లు ఈ పత్రం ఆధారంగానే పిలుస్తాం. తయారైనదంతా సంఘానికే చెందాలని, సొమ్ము దశలవారీగా చెల్లిస్తామని, అప్పగించే ముందు ఇద్దరు సభ్యులకు నేర్పించాలని, మళ్లీ ఒక ఆదివారం హాలులో సభ్యులు ఫోన్లలో చూసి సరే అన్న తర్వాతే చివరి వాయిదా ఇస్తామని అందులో ఉంది. పత్రం ప్రతులు హాలు బల్ల మీద ఉన్నాయి. ఈ సమావేశంలో దాన్ని చదివి, మార్పులు చెప్పి, ఆమోదించవలసిందిగా ప్రతిపాదిస్తున్నాను.

ఒక విన్నపం ఉంది. సంఘం మొదటి సావనీరు మా దగ్గర లేదు, టైపు చేయించిన ఫైలు కూడా పోయింది. ఎవరి ఇంట్లో అయినా ప్రతి ఉంటే వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు హాలుకు తీసుకురండి. అక్కడే స్కాన్ చేసి, మీ కళ్ల ముందే తిరిగి ఇస్తాం.

ఇట్లు
కార్యదర్శి