ముప్పై ఒక్క సెకన్ల క్లిప్ గురించి ఫిర్యాదు

తిరుపతి,
24 ఫిబ్రవరి 2026.

ఈవెంట్ సంస్థ మేనేజర్ గారికి,

విషయం: డిసెంబరు 13 నాటి కామెడీ ఫెస్టివల్‌లో నా ప్రదర్శనను అనుమతి లేకుండా రికార్డు చేసి, కత్తిరించి, నెట్‌లో పెట్టడం, పారితోషికంలో రూ.1,200 కోత.

అయ్యా,

మీ ఫెస్టివల్‌లో నాలుగో ఆర్టిస్టుగా స్టేజీ ఎక్కినవాణ్ణి. అలా గుర్తు రాకపోతే ఇంకో ఆనవాలు: దోసె టోకెన్ల మధ్య మాట్లాడినవాణ్ణి.

మీ ఆఫీసుకి మూడుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి "చూస్తాం సార్" అన్నారు. రెండోసారి మీరు మీటింగులో ఉన్నారన్నారు. మూడోసారి ఫోన్ ఎత్తిన అమ్మాయి "ఏ ఫంక్షన్ సార్, పెళ్ళా రిసెప్షనా?" అని అడిగింది. ఇక కాగితం మీద పెట్టక తప్పలేదు.

ముందు ఆ రాత్రి సంగతి. ఒప్పంద పత్రంలో నా టైం 7:30, నిడివి 20 నిమిషాలు. నన్ను స్టేజీ ఎక్కించేసరికి 10:10 అయింది. అంతకుముందు ఆర్కెస్ట్రా వాళ్ళు గంటన్నర వాయించారు. ఆలస్యానికి నాకు కోపం లేదు, తిరుపతిలో పుట్టినవాడికి కాచుకుని కూర్చోవడం కొత్తేమీ కాదు. కానీ పాటకి మైదానమైనా చాలు, జోక్‌కి గది కావాలి. కుర్చీలు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి, జనం మీద చీకటి ఉండాలి, పక్కవాడి నవ్వు చెవిలో పడాలి. మీరు బైపాస్ రోడ్డు పక్కన పెళ్ళి లాన్‌లో, మంచు కురుస్తుంటే, ముందువరస సోఫాల్ని స్టేజీకి ముప్పై అడుగుల దూరంలో వేశారు. అతిథులు సన్మానం అవగానే వెళ్ళిపోయారు. నేను ఖాళీ సోఫాలకి జోకులు చెబుతుంటే వెనకున్న జనం చూస్తూ కూర్చున్నారు.

అదీ సర్దుకున్నాను. తిండి స్టాళ్ళ మైకుని మాత్రం మీ సౌండ్ వాళ్ళు మా స్పీకర్లకే కలిపారు. ఒక జోక్‌ని మెల్లగా పైకి తీసుకెళ్ళి, ఆఖరి మాటకి ముందు ఒక్క క్షణం ఆగాను. ఆ ఆగడంలోనే మా పని ప్రాణం ఉంటుంది. సరిగ్గా అప్పుడే నాలుగు స్పీకర్లలోంచి "టోకెన్ నంబర్ 42, రెండు కారం దోసెలు రెడీ" అని వినబడింది. ఆ రాత్రి మొత్తానికి పెద్ద నవ్వు దానికే వచ్చింది. ఒప్పుకోవాలి, టైమింగ్ బాగుంది.

ఇంతవరకు జరిగింది నేను ఏ షోలో అయినా చెప్పుకుని నవ్వుకోగలను. ఫిర్యాదు దీని తర్వాత మొదలవుతుంది. దానికి ముందు నా జోక్ మీకు పూర్తిగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని కత్తిరించినవాళ్ళు పూర్తిగా వినలేదని నా నమ్మకం.

గంగమ్మ జాతర గురించి తిరుపతి వాళ్ళకి చెప్పక్కర్లేదు. మీ ఎడిటర్‌ది ఏ ఊరో తెలియదు కాబట్టి రాస్తున్నాను. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకి వారం రోజులు జాతర. మొక్కుకున్నవాళ్ళు రోజుకో వేషం కడతారు: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. బండ వేషం రోజు ఒళ్ళంతా కుంకుమ పూసుకుని వీధుల్లో బూతులు తిడుతూ పోతారు. తిట్టించుకున్నవాళ్ళకి కోపం రాదు. దిష్టి పోయిందని మా వీధిలో సంబరపడేవాళ్ళు కూడా ఉన్నారు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ మొక్కు తీర్చడానికి నాకు బండ వేషం కట్టింది. ఎవరిని తిట్టాలో నాకు ముందే తెలుసు. నేరుగా మా లెక్కల సారు ఇంటి ముందుకి పోయి, "ఒరే లెక్కలోడా, నీ ఎక్కాల్లో మన్నుబొయ్య, నీ చాక్‌పీసు ఇరిగిపోను" అని మొదలుపెట్టి నోరు నొప్పి పుట్టేదాకా తిట్టాను. సారు బయటికి వచ్చి, చెప్పులు విడిచి, రెండు చేతులెత్తి నాకు దండం పెట్టారు. ఇక జీవితంలో లెక్కల భయం లేదనుకున్నాను. జూన్ 12న బడి తెరిచారు. సారు నన్ను దగ్గరికి పిలిచి ఎంతో ప్రేమగా, "ఏం నాయనా, వేషం తీసేసినావా?" అన్నారు. "తీసేసినా సార్." "అయితే పదమూడో ఎక్కం చెప్పు."

ఇదీ జోక్. ఇందులో ఓడిపోయింది నేను, గెలిచింది మా సారు. ఈ నాలుగు నిమిషాలు కుదరడానికి ఎనిమిది నెలలు పట్టింది. చెన్నైలో, బెంగళూరులో ఓపెన్ మైకుల్లో (ఎవరైనా ఎక్కి కొత్త జోకులు పరీక్షించుకునే షోలు) ఐదేసి నిమిషాలు దొరికితే బస్సెక్కి పోయి చెప్పి, తెల్లారి దిగి, అట్నుంచి అటే డ్యూటీకి పోయేవాణ్ణి. (మందుల ఏజెన్సీలో లెక్కలు రాస్తాను. సారు చలవే.) మొదట్లో ఇందులో దండం లేదు, ఎక్కం ఒక్కటే ఉండేది. సగం నవ్వు వచ్చేది. దండం చేర్చాక నిండింది.

డిసెంబరు 17న మీ పేజీలో వచ్చిన క్లిప్ 31 సెకన్లు. "ఒరే లెక్కలోడా"తో మొదలై తిట్లతోనే ఆగిపోతుంది. జాతర లేదు, వేషం లేదు, తొమ్మిదేళ్ళ పిల్లాడు లేడు. ముప్పై దాటిన మనిషి మైకు పట్టుకుని మాస్టారిని తిడుతున్నాడు. పైన "గురువుకి మాస్ పంచ్" అని రాసి, నవ్వే బొమ్మలు మూడు పెట్టారు.

ఆ తిట్ల తర్వాత క్లిప్‌లో ఒక పెద్ద నవ్వు ఉంది. ఆ రాత్రి ఆ చోట అంత నవ్వు రాలేదు. నేను ప్రతి షోనీ జేబులో ఫోన్ పెట్టుకుని రికార్డు చేసుకుంటాను, ఈ పనిలో ఉన్నవాళ్ళు చాలామంది చేసుకుంటారు. రెండూ పక్కపక్కన పెట్టి విన్నాను. మీ క్లిప్‌లో ఉన్నది టోకెన్ 42కి వచ్చిన నవ్వు. చివర్లో ఒకావిడ నవ్వుతూ నవ్వుతూ దగ్గుతుంది. ఆ దగ్గు కూడా అలాగే ఉంది. దోసెలకి నవ్విన జనాన్ని తెచ్చి మా సారు మీద నవ్వించారు.

మా సారు రిటైరై చాలా ఏళ్ళయింది, కొర్లగుంటలో ఉంటారు. నేను పేరు చెప్పకపోయినా, నా మొహం తెలిసిన మా బ్యాచ్ వాళ్ళందరికీ లెక్కలోడంటే ఎవరో తెలుసు. ఎవరో పంపితే మనవడికి, మనవడి నుంచి సారుకి చేరింది. ఆ ఆదివారం ఇంటికి వెళ్ళాను. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ఫోన్, అందులో నేను. నోరు తెరిచి ఉన్న చోట వీడియో ఆగి ఉంది. "కూర్చో" అన్నారు, నా వైపు చూడలేదు. మొత్తం చెప్పాను, స్టేజీ మీద చెప్పినట్టే, ఒక్క మాట వదలకుండా. నేను ఆడిన షోలన్నిటిలో కష్టమైంది అదే. దండం దగ్గరికి వచ్చేసరికి లోపల వంటింట్లో అమ్మగారు నవ్వారు. సారు నవ్వలేదు. "ఇదంతా చెప్పినావు గదా, మరి ఫోన్లో యాడుంది?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉండాలి.

మీరు 22న క్లిప్ తీసేశారు. అప్పటికే అది వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది, ఇప్పటికీ తిరుగుతోంది. సంక్రాంతికి పిలిచిన ఒక కాలేజీ వాళ్ళు అది చూసి వద్దన్నారు. ఇక ఆ జోక్ నేను ఎక్కడా చెప్పలేను. తిట్టు ముందే తెలిసిన జనం దండం దాకా ఆగరు.

మన ఒప్పందంలో "ఫొటోలు ప్రచారానికి వాడుకోవచ్చు" అని ఉంది, వీడియో అన్న మాటే లేదు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో వచ్చిన 38ఎ సెక్షన్ ప్రకారం ప్రదర్శనను రికార్డు చేసే హక్కు ప్రదర్శకుడిది. తన పేరు చెడేలా దాన్ని మారిస్తే అడ్డుకునే హక్కు, నష్టపరిహారం అడిగే హక్కు 38బి ఇస్తుంది. నిడివి కోసం కొంత తీసేస్తే తప్పు కాదని అదే సెక్షన్ వివరణలో ఉంది, మీ లాయరుగారు అక్కడే వేలు పెడతారు. వేరే చోటి నవ్వు తెచ్చి అతికించడం నిడివి కోసం ఎలా అవుతుందో ఆయన్నే అడగండి.

డబ్బు సంగతి చిన్నదే, అయినా వదలను. ఒప్పుకున్నది రూ.12,000. అడ్వాన్సు 3,000 పోగా 9,000 రావాలి. డిసెంబరు 30న 7,800 వేసి, ఆదాయపు పన్ను చట్టం 194జె సెక్షన్ కింద టీడీఎస్ (ఇచ్చేటప్పుడే కోసే పన్ను) 1,200 పట్టుకున్నామని మెసేజ్ పెట్టారు. 2025 ఏప్రిల్ నుంచి ఆ సెక్షన్‌లో పరిమితి ఏడాదికి రూ.50,000, అది దాటకపోతే పన్ను కోయక్కర్లేదు. మీరు నాకిచ్చింది అందులో పావు వంతు కూడా లేదు. సరే, పట్టుకున్నారే అనుకుందాం. జనవరి 31 లోపు రిటర్న్ వేసి, ఫిబ్రవరి 15 కల్లా ఫారం 16ఎ, అంటే పన్ను కోసినట్టు సర్టిఫికెట్, నా చేతికివ్వాలి. నా పేరున కట్టిన పన్ను చూపించే 26ఎఎస్‌లో నిన్నటి వరకు ఒక్క పైసా కనబడలేదు. ఆర్టిస్టులకి ఇవన్నీ తెలియవనుకుని ఉంటారు. లెక్కలు రాసేవాణ్ణని పైనే చెప్పాను.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో ఆ రాత్రి నా ప్రదర్శన రికార్డింగు మొత్తం నాకిచ్చి, మీ దగ్గరున్న కాపీలు చెరిపేసినట్టు రాతపూర్వకంగా తెలపండి. నా అనుమతి లేకుండా కత్తిరించి, నవ్వు అతికించి పెట్టామని అదే పేజీలో, అదే సైజు అక్షరాలతో తెలుగులో వేయండి. అందులో మా సారు పేరు రాకూడదు. రూ.1,200 ఇవ్వండి, లేదా ఫారం 16ఎ ఇవ్వండి. నష్టపరిహారం ఎంతో ఇప్పుడు రాయడం లేదు. గడువు దాటితే వచ్చే లాయరు నోటీసులో అంకె ఉంటుంది.

ఇట్లు,
13వ తేదీ నాటి నాలుగో ఆర్టిస్టు

తా.క.: టోకెన్లు పిలిచిన కుర్రాడు మొన్న లీలామహల్ సెంటర్‌లో కనబడ్డాడు. తనకీ ఆ రోజు కూలీ ఇంకా అందలేదట. నాది ఇచ్చేటప్పుడు అతనిదీ చూడండి. ఆ రాత్రి ఎక్కువ నవ్వించింది అతనే.